గురక పెట్టేవాళ్ళకు తెలియదు, పక్కవాళ్ళకు తెలుస్తుంది

(నిద్రలో ఊపిరి ఆగే జబ్బు గురించి ఒక వైద్యుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ముందుగా ఒక ప్రశ్న అడుగుతాను, చేతులెత్తండి. మీలో గురక పెట్టేవాళ్ళు ఎంతమంది? సరే, అక్కడొకరు, ఇక్కడొకరు. దించండి. ఇప్పుడు ఇంకో ప్రశ్న. మీ ఇంట్లో గురక పెట్టే మనిషి ఉన్నవాళ్ళు ఎంతమంది? ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. సగం హాలు చేతులెత్తింది. మరి ఆ గురక పెట్టేవాళ్ళంతా ఎక్కడున్నారు? కొందరు ఇళ్ళల్లో ఉంటారు. మిగతావాళ్ళు ఇక్కడే ఉన్నారు, మొదటిసారి చెయ్యెత్తనివాళ్ళలోనే ఉన్నారు. అబద్ధం ఆడారని కాదు. వాళ్ళకు తెలియదు. నిజంగానే తెలియదు. నిద్రపోయే మనిషికి తన గురక వినపడదు. మధ్యలో తన ఊపిరి ఆగిపోయిన సంగతి అసలే తెలియదు.

కడుపులో నొప్పి వస్తే ఎవరికి వచ్చిందో వాళ్ళకే ముందు తెలుస్తుంది. జ్వరమైనా అంతే. నిద్రలో ఊపిరి ఆగే ఈ జబ్బు, అదే స్లీప్ ఆప్నియా, అలా కాదు. ఇందులో జబ్బు ఒకరిది, చూసేది ఇంకొకరు. రాత్రి పక్కన పడుకున్న మనిషి కళ్ళతో చూస్తారు, చెవులతో వింటారు, భయపడి తట్టి లేపుతారు. జబ్బున్న మనిషి పొద్దున లేచి 'నేను బాగానే పడుకున్నానే' అంటాడు. డాక్టర్ దగ్గరికి ఎవరు వస్తారు? ఆ బాగా పడుకున్న మనిషి ఒక్కడే వస్తాడు. నీరసంగా ఉంది, తల బరువుగా ఉంది, బీపీ తగ్గడం లేదు అని వస్తాడు. అసలు సంగతి చూసిన మనిషి ఇంట్లో ఉండిపోతారు. మేము ఆయన్ని అడుగుతాం: 'నిద్ర ఎలా పడుతోంది?' 'హాయిగా పడుతోందండీ, పడుకోగానే నిద్రే' అంటాడు. అక్కడితో ఆ మాట ముగిసిపోతుంది. రక్త పరీక్షలు రాస్తాం, విటమిన్ మాత్రలు రాస్తాం. ఇలా ఏళ్ళు గడిచిపోతాయి. ఈరోజు నేను ఇక్కడికి వచ్చింది ముఖ్యంగా ఆ ఇంట్లో ఉండిపోయే మనిషితో మాట్లాడటానికి.

అసలు లోపల ఏం జరుగుతుందో చెప్తాను. ముక్కు నుంచి గాలి ఊపిరితిత్తులకు వెళ్ళాలంటే గొంతు వెనక నుంచి వెళ్ళాలి. ముక్కుకు ఎముక ఉంది. కింద శ్వాసనాళానికి గట్టి మృదులాస్థి ఉంగరాలు ఉన్నాయి. మధ్యలో, అంటే కొండనాలుక వెనక, నాలుక మొదలు వెనక ఉన్న ఆ కాస్త దారికి మాత్రం ఎముక ఆసరా లేదు. అంతా కండరమే. మెలకువగా ఉన్నప్పుడు ఆ కండరాలు బిగువుగా ఉండి దారిని తెరిచి పట్టుకుంటాయి. నిద్రపోగానే వదులవుతాయి. అది అందరికీ జరిగేదే. కొందరికి ఆ దారి పుట్టుకతోనే ఇరుకు. కొందరికి మెడలో కొవ్వు చేరి ఇరుకవుతుంది. కింది దవడ చిన్నగా, వెనక్కి ఉన్నవాళ్ళకు నాలుకకు చోటు చాలదు. అలాంటివాళ్ళు ఊపిరి పీల్చేసరికి ఏమవుతుంది? మెత్తటి స్ట్రా పెట్టి గట్టిగా పీలిస్తే అది మధ్యలో అతుక్కుపోతుంది చూడండి, అలా అతుక్కుపోతుంది. సగం అతుక్కుంటే గాలి ఒరుసుకుంటూ పోతుంది, అదే గురక. పూర్తిగా అతుక్కుంటే గాలి పోదు. గురక ఉండదు. శబ్దమే ఉండదు.

ఈ చివరి మాట మళ్ళీ చెప్తాను, దయచేసి గుర్తుపెట్టుకోండి. గురక పెడుతున్న మనిషి ఉన్నట్టుండి నిశ్శబ్దమైపోతే పక్కవాళ్ళు ఏమనుకుంటారు? 'అమ్మయ్య, ఇప్పటికి ఆగింది' అనుకుని అటు తిరిగి పడుకుంటారు. ఆగింది గురక కాకపోవచ్చు. ఊపిరి కావచ్చు. ఛాతీ, పొట్ట ఊపిరి కోసం కదులుతూనే ఉంటాయి, పెనుగులాడుతూనే ఉంటాయి, గాలి మాత్రం లోపలికి పోదు. పది సెకన్లు, ఇరవై సెకన్లు, కొందరిలో నిమిషం దాకా. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. మెదడు ప్రమాదాన్ని పసిగట్టి మనిషిని ఒక్క క్షణం లేపుతుంది. పెద్దగా ఒక్కసారి గుర్రుమని, ఉక్కిరిబిక్కిరై ఊపిరి తీసుకుంటాడు. గుండె వేగంగా కొట్టుకుంటుంది, బీపీ ఒక్కసారి ఎగబాకుతుంది. వెంటనే మళ్ళీ నిద్రలోకి జారిపోతాడు. ఆ లేవడం క్షణకాలమే కాబట్టి పొద్దున ఏమీ గుర్తుండదు. జబ్బు ముదిరినవాళ్ళకు ఇది గంటకు ముప్పై సార్లు, నలభై సార్లు జరుగుతుంది. రాత్రంతా లెక్కవేసుకోండి. వందల సార్లు. ఆ మనిషికి ఎనిమిది గంటలు పడుకున్నట్టు ఉంటుంది. శరీరం మాత్రం రాత్రంతా కుస్తీ పట్టి ఉంటుంది.

ఇంకో రకం ఉంది. అందులో గొంతు తెరిచే ఉంటుంది, ఊపిరి తీయమని మెదడు నుంచి రావలసిన సంకేతమే రాదు. దాన్ని సెంట్రల్ స్లీప్ ఆప్నియా అంటారు. గుండె బలహీనపడిన వాళ్ళలో, మార్ఫిన్ లాంటి నల్లమందు జాతి మందులు వాడేవాళ్ళలో కనిపిస్తుంది. అది అరుదు కాబట్టి ఈరోజు అందులోకి వెళ్ళను. గొంతు మూసుకుపోయే రకం గురించే మాట్లాడతాను.

ఇది కొత్త జబ్బా? కాదు. మనిషి ఉన్నప్పటి నుంచీ ఉండి ఉంటుంది. కానీ గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతోందని వైద్యులు పరికరాలతో నమోదు చేసి చెప్పింది 1965లో. ఫ్రాన్స్‌లో గాస్టో బృందం, జర్మనీలో యుంగ్, కూలో అనే ఇద్దరు వైద్యులు, ఎవరికి వారే విడివిడిగా ఆ ఏడాదే రాశారు. అంత ఆలస్యం ఎందుకైంది? డాక్టర్లు రోగిని చూసేది పగలు. మెలకువగా ఉన్నప్పుడు. మెలకువగా ఉన్న మనిషి గొంతులో ఈ జబ్బు కనిపించదు. రాత్రి నిద్రపోతున్న మనిషికి తీగలు తగిలించి, పక్కన కూర్చుని చూసినప్పుడే బయటపడింది. వైద్యులకు అప్పుడు తెలిసింది, ఇళ్ళల్లో పక్కన పడుకున్నవాళ్ళు మాత్రం ఎప్పటినుంచో చూస్తూనే ఉన్నారు.

ఎంతమందికి ఉంటుంది? 2019లో ఒక అంతర్జాతీయ అంచనా వచ్చింది. 30 నుంచి 69 ఏళ్ళ మధ్య వయసువాళ్ళలో ప్రపంచం మొత్తం మీద 93 కోట్ల 60 లక్షల మందికి ఏదో ఒక స్థాయిలో ఉందని లెక్కకట్టారు. అందులో 42 కోట్ల 50 లక్షల మందికి మధ్యస్థం లేదా తీవ్రం. వీళ్ళలో చాలామందికి ఉన్నట్టు తెలియదు.

ఇప్పుడు పక్కన పడుకునేవాళ్ళకు చెప్తున్నాను. భార్య కావచ్చు, భర్త కావచ్చు, అదే గదిలో పడుకునే కొడుకో కూతురో కావచ్చు. మీరు చూడవలసింది గురక ఎంత పెద్దదని కాదు. గోడలు అదిరేలా గురక పెట్టేవాళ్ళందరికీ ఈ జబ్బు ఉండాలని లేదు. గురక నడక చూడండి. సమంగా, ఒకే తీరున సాగుతోందా? లేక పెరిగి, పెరిగి, హఠాత్తుగా ఆగి, కాసేపు నిశ్శబ్దం, ఆ తర్వాత పెద్ద కుదుపుతో మళ్ళీ మొదలవుతోందా? ఆ నిశ్శబ్దంలో మనసులో అంకెలు లెక్కపెట్టండి. పది దాటుతోందా? ఛాతీ, పొట్ట ఒకదానికొకటి ఎదురుగా, ఒకటి లేస్తే ఒకటి దిగుతూ కదులుతున్నాయా? వెల్లకిలా పడుకున్నప్పుడు ఎక్కువగా ఉందా? తెల్లవారుజామున ఎక్కువగా ఉందా? తెల్లవారుజామున ఎందుకంటే కలలు వచ్చే నిద్ర అప్పుడే ఎక్కువ, ఆ నిద్రలో కండరాలు మరీ వదులుగా ఉంటాయి.

చూసినది ఫోన్‌లో వీడియో తీయండి. రెండు మూడు నిమిషాలు చాలు. మీరు అరగంట వర్ణించి చెప్పినా మాకు అర్థంకానిది ఆ రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. ఇంకో లాభం ఉంది. ఆ మనిషి కూడా నమ్ముతారు. 'నేనా? నేను గురక పెట్టను' అని పోట్లాడేవాళ్ళు తమ వీడియో తాము చూసుకున్నాక మాట్లాడరు. అయితే ఒక్క మాట. దాన్ని నలుగురికీ చూపించి నవ్వుకోకండి. గురక మీద ఎగతాళి ఎక్కువైన ఇంట్లో మనిషి సిగ్గుపడి పక్క గదిలోకి వెళ్ళి పడుకుంటాడు. వెళ్ళిపోతే ఇక చూసేవాళ్ళు ఎవరు? ఇంటిల్లిపాదికీ నిద్ర పడుతుంది, ఆయనకు మాత్రం ఒంటరిగా ఊపిరి ఆగుతుంటుంది. పక్క గదికి పంపడం వైద్యం కాదండీ. పంపితే పంపండి, డాక్టర్‌కు చూపించాక పంపండి.

ఒంటరిగా ఉండేవాళ్ళ మాటేమిటని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. చూసేవాళ్ళు లేనప్పుడు పగటిపూట గుర్తులను పట్టుకోవాలి. పొద్దున లేచేసరికి నోరు పిడచగట్టుకుపోయి ఉంటోందా? లేవగానే తలనొప్పి, గంటా రెండు గంటల్లో దానంతటదే తగ్గిపోతోందా? రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేస్తున్నారా? ఈ మూడోదాన్ని ఎవరూ ఈ జబ్బుతో ముడిపెట్టరు. షుగరేమో, ప్రోస్టేటేమో అని పరీక్షలు చేయించుకుంటారు. చేయించుకోవాలి కూడా. కానీ మూసుకుపోయిన గొంతుతో ఊపిరి లాగేటప్పుడు ఛాతీలో ఒత్తిడి మారి గుండె పై గది సాగుతుంది. ఒంట్లో నీరు ఎక్కువైందని గుండె పొరబడి, మూత్రం ఎక్కువ తయారుచేయమని ఒక హార్మోన్ వదులుతుంది. గొంతు సమస్య సరిచేస్తే రాత్రి లేవడం తగ్గినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఉక్కిరిబిక్కిరై, గుండె దడదడలాడుతూ మెలకువ రావడం కూడా ఒక గుర్తే. ఇలాంటివి ఉంటే రాత్రి ఫోన్‌లో శబ్దం రికార్డు పెట్టుకుని పడుకోండి, పొద్దున వినండి.

ఇక పగటి మగత. అలసట వేరు, మగత వేరు. పని ఎక్కువై అలసిపోతే కూర్చోవాలనిపిస్తుంది. మగత అంటే కూర్చున్న చోటే కన్ను మూతపడటం. 1991లో ఆస్ట్రేలియాలో మర్రే జాన్స్ అనే వైద్యుడు ఎప్‌వర్త్ స్కేల్ అని ఒక చిన్న ప్రశ్నావళి తయారుచేశారు. చదువుతూ కూర్చున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, కారు నడపకుండా అందులో ఊరికే కూర్చుని ఆగకుండా గంటసేపు ప్రయాణిస్తున్నప్పుడు, ఎవరితోనో మాట్లాడుతున్నప్పుడు, ఇలా ఎనిమిది సందర్భాలు. ఒక్కోదానికి కునుకు పట్టే అవకాశాన్ని సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేసుకోవాలి. మొత్తం 24. పది దాటితే మగత మామూలు కన్నా ఎక్కువని అర్థం. ఎదుటి మనిషి మాట్లాడుతుండగానే కునుకు పడుతోందంటే అది బద్ధకం కాదు, మర్యాద తెలియకపోవడమూ కాదు. దయచేసి అలాంటివాళ్ళను తిట్టకండి. పరీక్షకు పంపండి.

అయితే మగత లేదు కాబట్టి జబ్బు లేదు అనుకోవద్దు. తీవ్రంగా ఉన్నవాళ్ళలోనూ కొందరికి పగలు నిద్ర రాదు. చిరాకుగా ఉంటారు, మతిమరుపు వస్తుంది, ఏ పని మీదా ధ్యాస నిలవదు. కొందరికి ఒకే ఒక్క గుర్తు, బీపీ. మూడు రకాల మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నా బీపీ లొంగడం లేదంటే నిద్ర పరీక్ష గురించి మీరే మీ డాక్టర్‌ను అడగండి. గుండె లయ తప్పే జబ్బు, అదే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, ఉన్నవాళ్ళూ అడగండి. పక్షవాతం వచ్చి కోలుకుంటున్నవాళ్ళూ అడగండి.

ఆడవాళ్ళ సంగతి విడిగా చెప్పాలి, ఇక్కడ కాస్త ఆగుతాను. స్లీప్ ఆప్నియా అనగానే మన కళ్ళముందు ఎవరు కనిపిస్తారు? నడివయసు, లావుపాటి మెడ, పెద్ద పొట్ట ఉన్న మగమనిషి. డాక్టర్లకూ ఆయనే కనిపిస్తాడు. అందువల్ల ఆడవాళ్ళు తప్పిపోతున్నారు. వాళ్ళలో గురక అంత పెద్దగా ఉండకపోవచ్చు. పడుకుంటే నిద్ర పట్టదు, పట్టినా మధ్యలో మెలకువ వస్తుంది, పొద్దున తలనొప్పి, రోజంతా సత్తువ లేకపోవడం, దిగులు. ఇవి చెబితే ఏమంటారు? టెన్షన్ అంటారు, డిప్రెషన్ అంటారు, రక్తహీనత అంటారు, నిద్రమాత్ర రాసిస్తారు. మరో విషయం. భార్య గురక పెడుతోందని డాక్టర్‌కు చెప్పే భర్తలు తక్కువ. భర్తలు గాఢనిద్రలో ఉంటారు, లేదా పట్టించుకోరు. భర్త గురక గురించి భార్య వచ్చి చెబుతుంది. భార్య గురక గురించి ఎవరు చెప్తారు? ముట్లు ఆగిపోయాక ఆడవాళ్ళలో ఈ జబ్బు బాగా పెరుగుతుంది. గర్భిణిగా ఉన్నప్పుడు కొత్తగా గురక మొదలైతే అది కూడా డాక్టర్‌కు చెప్పవలసిన విషయమే, ముఖ్యంగా బీపీ కూడా ఉంటే. అయ్యా, ఇక్కడున్న భర్తలందరికీ చెప్తున్నాను, ఒక రాత్రి మేలుకుని వినండి.

సన్నగా ఉన్నవాళ్ళకు రాదా? వస్తుంది. లావు పెద్ద కారణమే, కాదనను. కానీ దవడ నిర్మాణం వల్ల, టాన్సిల్స్ వల్ల సన్నటివాళ్ళకూ వస్తుంది. ఆసియా దేశాల వాళ్ళకు తక్కువ బరువులోనే వస్తుందని, ముఖం ఎముకల అమరిక అందుకు కొంత కారణమని పరిశోధకులు గమనించారు. థైరాయిడ్ తక్కువగా ఉన్నవాళ్ళలోనూ ఎక్కువ. కాబట్టి 'నేను లావు లేను' అని ధీమాగా ఉండకండి.

పిల్లలు. ఇది తల్లిదండ్రులు జాగ్రత్తగా వినాలి. పిల్లలకు జలుబు చేసినప్పుడు నాలుగు రోజులు గురక రావడం వేరు. వారంలో మూడు రాత్రులో అంతకన్నా ఎక్కువో గురక పెడుతూ, నోరు తెరుచుకుని, మెడ వెనక్కి విరిచి, చెమటలు పట్టి పడుకునే పిల్లవాణ్ణి డాక్టర్‌కు చూపించాలి. పిల్లల్లో ముఖ్య కారణం టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్స్ పెరగడం. పెద్దవాళ్ళలా వీళ్ళు పగలు తూగరు. తిరగబడతారు. ఒక్కచోట కూర్చోరు, చదువు మీద ధ్యాస ఉండదు, గొడవపెట్టుకుంటారు. ఆగిపోయిన పక్కతడపడం మళ్ళీ మొదలవుతుంది. బడిలో అల్లరివాడని పేరు పడుతుంది. అల్లరికి దెబ్బలు తినే పిల్లవాడికి రాత్రి ఊపిరి ఆడటం లేదేమోనని ఎవరికి అనుమానం వస్తుంది? మీకు రావాలి. ఊపిరి ఆగడమో బాగా తగ్గడమో పెద్దవాళ్ళకు గంటకు ఐదుసార్ల లోపు ఉంటే మామూలు అంటాం, పిల్లలకు ఒకసారి దాటినా మామూలు కాదు. టాన్సిల్స్, ఎడినాయిడ్స్ తీసేస్తే చాలామంది పిల్లలు బాగుపడతారు. కొందరిలో ఆపరేషన్ లేకుండా కాలంతో తగ్గుతుంది కూడా. ఏ పిల్లవాడికి ఏది సరైనదో చెవి ముక్కు గొంతు డాక్టర్ చూసి చెప్పాలి.

సరే, అనుమానం వచ్చింది. ఎవరి దగ్గరికి వెళ్ళాలి? మీ మామూలు డాక్టర్ దగ్గరికే ముందు వెళ్ళండి. అక్కడి నుంచి ఊపిరితిత్తుల డాక్టర్, చెవి ముక్కు గొంతు డాక్టర్, లేదా నిద్ర వైద్యంలో శిక్షణ పొందినవాళ్ళు చూస్తారు. వెళ్ళేటప్పుడు మూడు తీసుకెళ్ళండి. వీడియో, వాడుతున్న మందుల చీటీ, పక్కన పడుకునే మనిషి. ఈ మూడోది మరిచిపోకండి. అక్కడ ఎనిమిది ప్రశ్నలు అడగవచ్చు. 2008లో టొరంటోలో ఆపరేషన్లకు మత్తు ఇచ్చే వైద్యులు తయారుచేసిన స్టాప్‌బ్యాంగ్ ప్రశ్నలు అవి. పెద్ద గురకా, పగలు అలసటా, ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, బీపీ ఉందా, బాడీ మాస్ ఇండెక్స్, అంటే ఎత్తును బట్టి బరువు లెక్క, 35 దాటిందా, వయసు 50 దాటిందా, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటిందా, మగవారా. మూడింటికి అవునంటే అనుమానించాలి, ఐదింటికి, అంతకన్నా ఎక్కువకు అవునంటే గట్టిగా అనుమానించాలి. గమనించారా? ఎనిమిదిలో ఒకటి, ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా అన్నది, రోగి ఒక్కడు వస్తే జవాబు చెప్పలేడు.

ఆ తర్వాత నిద్ర పరీక్ష. కొందరు భయపడతారు. సూదులు లేవు, నొప్పి లేదు. స్లీప్ ల్యాబ్‌లో ఒక రాత్రి పడుకోవాలి. తలకు, గడ్డానికి, కాళ్ళకు చిన్న చిన్న తీగలు అతికిస్తారు, ఛాతీకి పొట్టకు పట్టీలు కడతారు, ముక్కు దగ్గర గాలిని కొలిచే గొట్టం, వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు. ఇన్ని తగిలిస్తే నిద్ర పడుతుందా అంటారు. ఇంట్లో పట్టినంత పట్టకపోయినా, పరీక్షకు సరిపడేంత చాలామందికి పడుతుంది. ఇంట్లోనే చేసుకునే చిన్న పరికరం కూడా ఉంది. అనుమానం బలంగా ఉండి, గుండె, ఊపిరితిత్తుల జబ్బులు లేనివాళ్ళకు అది సరిపోతుంది. అయితే ఇంటి పరీక్షలో ఏమీ లేదని వచ్చినా లక్షణాలు గట్టిగా ఉంటే అక్కడితో వదిలేయకూడదు. ల్యాబ్‌లో మళ్ళీ చేయించాలి.

రిపోర్టులో ఒక అంకె ఉంటుంది, ఏహెచ్ఐ అంటారు. గంటకు సగటున ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా బాగా తగ్గింది అనే లెక్క. ఐదు నుంచి పదిహేను లోపు స్వల్పం, పదిహేను నుంచి ముప్పై లోపు మధ్యస్థం, ముప్పై, ఆపైన తీవ్రం. ఆ అంకెతో పాటు ఆక్సిజన్ ఎంత కిందికి పడింది, ఎంతసేపు పడి ఉంది అని కూడా అడగండి.

చికిత్స. 1981 ముందు తీవ్రంగా ఉన్నవాళ్ళకు గట్టి వైద్యం ఏమిటో తెలుసా? మెడ కింద రంధ్రం పెట్టడం. గొంతును దాటించి గాలి పోనివ్వడం. 1981లో సిడ్నీలో కాలిన్ సలివన్, ఆయన సహచరులు ముక్కు మీద మాస్క్ పెట్టి మెల్లని ఒత్తిడితో గాలి పంపితే గొంతు మూసుకుపోదని చూపించారు. అదే సీప్యాప్. అది ఆక్సిజన్ సిలిండర్ కాదు, వెంటిలేటర్ కాదు. గదిలో గాలినే కాస్త ఒత్తిడితో పంపుతుంది, ఆ గాలి గొంతును లోపలి నుంచి తెరిచి పట్టుకుంటుంది. పెట్టుకున్న రాత్రి పనిచేస్తుంది, తీసేసిన రాత్రి చేయదు.

నిజాయితీగా ఒక సంగతి చెప్పాలి. సీప్యాప్ పెట్టుకుంటే గుండెపోటు రాదని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. అప్పటికే గుండెజబ్బో పక్షవాతమో ఉన్న 2,700 మందికి పైగా మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనం 2016లో వచ్చింది. సీప్యాప్ ఇచ్చినవాళ్ళలో గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదు. వాళ్ళు దాన్ని రాత్రికి సగటున మూడు గంటల ఇరవై నిమిషాలే వాడారు, అదీ గుర్తుంచుకోవాలి. కానీ అదే అధ్యయనంలో మగత తగ్గింది, గురక తగ్గింది, మనసు తేలికపడింది. బీపీ కూడా కొద్దిగా తగ్గుతుందని వేరే అధ్యయనాలు చెప్పాయి. మనిషి పగలు మెలకువగా ఉండగలగడం, బండి నడుపుతూ తూగకుండా ఉండటం చిన్న లాభమా? ఈ జబ్బు ఉన్న డ్రైవర్లకు ప్రమాదాలు రెండు రెట్లకు పైగా ఎక్కువని తేలింది. చికిత్స మొదలై మగత తగ్గేదాకా దయచేసి స్టీరింగ్ పట్టుకోకండి. కిటికీ అద్దం దించుకుంటే, పాటలు పెద్దగా పెట్టుకుంటే నిద్ర ఆగదు.

అందరికీ సీప్యాపే అక్కరలేదు. స్వల్పంగా, మధ్యస్థంగా ఉన్నవాళ్ళకు కింది దవడను ముందుకు పట్టి ఉంచే పళ్ళ పరికరం పనిచేస్తుంది. దంతవైద్యులు కొలత తీసి చేస్తారు. వెల్లకిలా పడుకున్నప్పుడే వచ్చేవాళ్ళకు పక్కకు పడుకునే అలవాటు చేయిస్తాం. కొందరికి ఆపరేషన్. నాలుకను కదిలించే నరానికి సంకేతాలిచ్చే పరికరాన్ని ఛాతీలో అమర్చే పద్ధతిని 2014లో అమెరికాలో ఆమోదించారు. మద్యం, నిద్రమాత్రలు మాత్రం ఎవరికీ మంచివి కావు. అసలే వదులైన కండరాన్ని ఇంకా వదులు చేస్తాయి. నిద్ర సరిగా పట్టడం లేదని ఈ జబ్బున్న మనిషి సొంతంగా నిద్రమాత్ర వేసుకోవడం ప్రమాదం.

చీటీలు వచ్చాయి. సమయం ఉన్నంతవరకు చదువుతాను.

'బరువు తగ్గితే జబ్బు పోతుందా?' కొందరికి పోతుంది, చాలామందికి తగ్గుతుంది. అమెరికాలో విస్కాన్సిన్‌లో ఏళ్ళ తరబడి కొన్ని వందల మందిని గమనించి 2000లో ప్రచురించారు. బరువు నూటికి పది వంతులు పెరిగితే ఈ ఏహెచ్ఐ సుమారు 32 శాతం పెరిగింది, పది వంతులు తగ్గితే సుమారు 26 శాతం తగ్గింది. 2024 డిసెంబర్‌లో టిర్జెపటైడ్ అనే మందును ఊబకాయం ఉండి మధ్యస్థ, తీవ్ర స్థాయి జబ్బున్న పెద్దవాళ్ళ కోసం అమెరికా ఔషధ సంస్థ ఆమోదించింది. డాక్టర్ పర్యవేక్షణలో వాడాల్సిన ఇంజెక్షన్ అది. ఒక్కటి మాత్రం చెప్తాను, బరువు తగ్గాక చికిత్స మొదలుపెడదాం అని ఆగకండి. నిద్ర లేని మనిషికి ఆకలి ఎక్కువ, కదిలే ఓపిక తక్కువ. రెండూ కలిసి నడవాలి.

'ఈ జబ్బు ఉందో లేదో చేతికి పెట్టుకునే స్మార్ట్‌వాచ్ చెబుతోంది, నమ్మవచ్చా?' అనుమానం రేకెత్తించడానికి పనికొస్తుంది. ఉందని చూపిస్తే పరీక్షకు వెళ్ళండి. లేదని చూపించి, ఇంట్లోవాళ్ళు మాత్రం ఊపిరి ఆగుతోందని చెబుతుంటే, ఇంట్లోవాళ్ళ మాటే వినండి.

'వచ్చే నెల మోకాలి ఆపరేషన్ ఉంది, గురక సంగతి చెప్పాలా?' చెప్పాలండీ, తప్పకుండా చెప్పాలి. మత్తు ఇచ్చే డాక్టర్‌కు ఆపరేషన్ రోజు కాదు, ముందే చెప్పండి. మత్తుమందులు, నొప్పి మందులు గొంతు కండరాలను వదులు చేస్తాయి. తెలిస్తే వాళ్ళు మందులు మార్చుకుంటారు, ఆపరేషన్ తర్వాత ఎక్కువసేపు కనిపెట్టి ఉంటారు. సీప్యాప్ ఉంటే ఆసుపత్రికి వెంట తీసుకెళ్ళండి.

చివరి చీటీ. అమ్మా, ఎవరు రాశారో మరి, పెద్ద చీటీ. 'మా ఆయనకు మెషీన్ ఇచ్చారు. పది రోజులు పెట్టుకుని విసిరేశారు. ముక్కు ఎండిపోతోంది, ఊపిరాడనట్టు ఉంది అంటున్నారు. మళ్ళీ మొదలుపెట్టించడం ఎలా?' ఇది చాలా ఇళ్ళల్లో జరిగేదే, ఆయన తప్పేమీ లేదు. మొదటి వారాలు కష్టంగానే ఉంటాయి. ముక్కు ఎండితే మెషీన్‌కు గాలిని తడి చేసే నీటి డబ్బా ఉంటుంది, అది పెట్టించండి. పొద్దున నోరు ఎండుతోందంటే నోటి నుంచి గాలి పోతోందని, మాస్క్ రకం మార్చాలి. ముక్కుకే పెట్టేవి, ముక్కు రంధ్రాల దగ్గర చిన్నగా ఉండేవి, ముక్కు నోరు రెండింటినీ కప్పేవి ఉన్నాయి, సైజులూ వేరు. ముక్కు దిబ్బడ ఉంటే ముందు దానికి వైద్యం చేయించాలి. ఊపిరాడనట్టు అనిపించేవాళ్ళకు తక్కువ ఒత్తిడితో మొదలై మెల్లగా పెరిగేలా సెట్టింగ్ మార్చవచ్చు. పగలు టీవీ చూస్తూ అరగంట మాస్క్ పెట్టుకుని కూర్చోమనండి, నిద్రపోనక్కరలేదు, ముఖానికి అలవాటు కావాలి. అర్ధరాత్రి తీసేసినా ఫరవాలేదు, మెలకువ వస్తే మళ్ళీ పెట్టుకోమనండి. ఎన్ని గంటలు వాడారో, గాలి ఎంత కారిపోయిందో, ఇంకా ఎన్నిసార్లు ఊపిరి ఆగుతోందో చాలా మెషీన్లు తమలోనే నమోదు చేసుకుంటాయి. అందుకని డాక్టర్ దగ్గరికి ఆయన్ని ఒక్కడినే పంపకండి. మెషీన్, మాస్క్, దాని వైరు అన్నీ సంచిలో పెట్టుకుని మీరూ వెళ్ళండి. ఏ వేళకు తీసేస్తున్నారో ఆయనకు గుర్తుండదు, మీరే చెప్పాలి.